గాలి ఎక్కడ పోవుచున్నది? ట్రక్కు గాలిసంచుల పరీక్ష

సైకిలు ట్యూబులో గాలి నిలువనప్పుడు దుకాణదారుడు చేయు పని అందరు ఎరిగినదే. చక్రమునుండి ట్యూబును ఊడదీసి, దానిలో గాలి కొట్టి, నీళ్లతొట్టిలో కొంచెము కొంచెముగ ముంచి త్రిప్పును. ఎక్కడ బుడగలు వరుసగ పైకి వచ్చునో అక్కడ కంత ఉన్నదని తెలియును. గాలి కంటికి కానరాదు; నీరు దానికి రూపము నిచ్చును. ట్యూబు తొట్టిలో పట్టును గనుక ఈ పరీక్షలో కష్టమేమియు లేదు.

గాలిని నిలుపవలసిన వస్తువు రెండు టన్నులకు మించిన బరువుగల ట్రక్కు క్రింద, ఇరుసునకు చట్రమునకు నడుమ బిగింపబడి ఉన్నచో ఏమి చేయవలెను? ట్రక్కును తొట్టిలో ముంచుట సాధ్యము కాదు. అమెరికా, కెనడా దేశములలో పికప్ ట్రక్కులు గల గృహస్థులకు ఈ ప్రశ్న తరచుగ ఎదురగుచుండును. అచ్చట పలువురు పడవలను, గుఱ్ఱములను, ప్రయాణపు ఇండ్లను ట్రెయిలర్లపై ఉంచి తమ ట్రక్కులతో లాగుకొని పోవుదురు. ట్రెయిలరు ముందుకొన బరువు పడగనే ట్రక్కు వెనుకభాగము క్రుంగి, ముందుభాగము పైకి లేచును. దీనిని సరిచేయుటకై వారు దుకాణములో సామగ్రి కొని, ఇంటివద్దనే వెనుక ఇరుసుపై రెండు గాలిసంచులను అమర్చుకొందురు. కొన్నాళ్లకు ఒక ఉదయమున చూడగా ట్రక్కు ఒక ప్రక్కకు ఒరిగి ఉండును. గాలి ఎక్కడనో పోవుచున్నది. ఎక్కడ?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకు పద్ధతి కేవలము యంత్రకారుని పద్ధతి మాత్రమే కాదు. శాస్త్రజ్ఞుని పద్ధతియు అదియే. హైస్కూలులో చదువు బాయిల్ సూత్రము, పీడనము, తలతన్యత అను మూడు పాఠములు ఇచ్చట ఒక్కచోట పనికివచ్చును.

గాలి బరువును మోయు విధము

ఈ గాలిసంచి ప్రమాదసమయమున ప్రయాణీకుని ముఖమునకు అడ్డముగ ఉబ్బునట్టి సంచి కాదు. ఇది దారముల అల్లికతో బలపరచిన మందపాటి రబ్బరు బుగ్గ. దీని క్రిందికొన ఇరుసుపైనను, పైకొన చట్రముపైనను బిగింపబడును. ట్రక్కులో పూర్వమే ఉన్న ఉక్కు కమాను కట్టలకు ఇది సహాయకారి మాత్రమే. బరువునంతను తానొక్కటియే మోయదు. సన్నని నైలాను గొట్టము ద్వారా దీనిలోనికి గాలి వచ్చును. కొందరు సైకిలు ట్యూబునకుండు కవాటము వంటిదానిని ట్రక్కు వెనుక బిగించి పంపుతో గాలి నింపుకొందురు. మరికొందరు విద్యుత్తుతో నడచు చిన్న కంప్రెసరును, డ్రైవరు ముందు పీడనమాపకములను కూడ అమర్చుకొందురు.

రబ్బరు బుగ్గ అంత బరువును ఎట్లు మోయగలదని ఆశ్చర్యము కలుగవచ్చును. లెక్క మిక్కిలి సులభము. బరువును మోయు భాగము ఆరు అంగుళముల వ్యాసముగల వృత్తమనుకొందము. దాని వైశాల్యము సుమారు 28 చదరపు అంగుళములు. లోపల చదరపు అంగుళమునకు 60 పౌనుల పీడనమున్నచో అది పైకి త్రోయు బలము 28ని 60తో హెచ్చించగా సుమారు 1,700 పౌనులు, అనగా 770 కిలోగ్రాముల బరువునకు సమానము. రెండు సంచులు కలిసి ఒకటిన్నర టన్నులను ఎత్తగలవు. మోయునది రబ్బరు కాదు, లోపల బంధింపబడిన గాలి. రబ్బరు చేయు పని ఆ గాలిని బయటికి పోనీయకుండుటయే.

అందువలన గాలి కారుట చిన్న లోపము కాదు. ఒకవైపు సంచిలో పీడనము తగ్గినకొలది ఆవైపు బరువు కమాను కట్టపై పడును. వాహనము ఒరిగి నడచును. మలుపులలో డ్రైవరు అనుకొన్న రీతిగ నడువదు. సంచి పూర్తిగ ఖాళీయైనచో రబ్బరు ముడుతలుపడి లోహపు పళ్లెముల నడుమ నలిగి చినుగును. ఈ కారణముచేతనే సామాన్యముగ తయారీదారులు బరువు లేనప్పుడుకూడ సంచిలో కనీసము 5 పౌనుల పీడనము ఉంచుమనియు, 100 పౌనులను మించరాదనియు చెప్పుదురు. కంప్రెసరు తానై పనిచేయు అమరికలో మరియొక నష్టము కలదు. పోయిన గాలిని పూరించుటకై అది మాటిమాటికి నడచి, వేడెక్కి, తుదకు కాలిపోవును. అప్పుడు యజమాని కంప్రెసరు చెడినదని క్రొత్తది కొనును. అసలు దోషము పైసా ఖరీదు చేయని ఒక గొట్టపు కొనలో ఉండి, క్రొత్త కంప్రెసరును కూడ చంపును.

నిజముగ గాలి పోవుచున్నదా?

వెదకుటకు పూర్వము ఈ ప్రశ్న వేసికొనవలెను. మాపకములో అంకె తగ్గినంత మాత్రమున గాలి కారినదని చెప్పుటకు వీలులేదు.

ఒక ఉదాహరణము తీసికొందము. సాయంకాలము ఉష్ణోగ్రత 30 డిగ్రీల సెంటిగ్రేడు. రెండు సంచులలోను 60 పౌనుల పీడనము నింపి ట్రక్కును నిలిపినారు. రెండింటికిని వేరువేరు గొట్టములు, వేరువేరు మాపకములు ఉన్నవి. పదిగంటల తరువాత, తెల్లవారుజామున ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. కుడి సంచి మాపకము 57½ చూపుచున్నది; ఎడమ సంచి మాపకము 47½ చూపుచున్నది. రెండును కారుచున్నవా?

మాపకము చూపునది వాతావరణపీడనముకంటె ఎంత హెచ్చుగ నున్నదను అంకె. వాతావరణపీడనము చదరపు అంగుళమునకు 14.7 పౌనులు. కావున సంచిలోని గాలి పూర్తి పీడనము 60కి 14.7 కలుపగా 74.7 పౌనులు. ఘనపరిమాణము మారనియెడల వాయువు పీడనము దాని కెల్విన్ ఉష్ణోగ్రతకు అనులోమానుపాతముగ నుండును. 30 డిగ్రీలు 303 కెల్విన్లు. 20 డిగ్రీలు 293 కెల్విన్లు. 74.7ను 293తో హెచ్చించి 303తో భాగించగా 72.2 వచ్చును. దీనినుండి 14.7 తీసివేయగా 57½. కుడి సంచి చూపిన అంకె సరిగ ఇదియే! దానిలోనుండి కొంచెము గాలియైనను పోలేదు. రాత్రి చలికి గాలి పీడనము తగ్గినది, అంతే. ఎడమ సంచి మాత్రము అంతకంటె 10 పౌనులు హెచ్చుగ కోల్పోయినది. దోషమున్నది ఎడమవైపుననే.

ఇచ్చట కుడి సంచి చేసిన సహాయమును గమనింపవలెను. రెండును ఒకే చలిలో, ఒకే వాహనము క్రింద, ఒకే కాలమున్నవి. భేదము ఒక్కటియే. ప్రయోగశాలలో పోలిక కొరకు ప్రక్కన ఉంచు రెండవ గాజుగొట్టము వంటిది ఈ కుడి సంచి. అది లేనిచో చలిచేత తగ్గిన రెండున్నర పౌనులను కూడ దోషము ఖాతాలో వ్రాసియుందుము.

మరియొక మోసము చేతిమాపకమువలన కలుగును. టైరు పీడనమును చూచునప్పుడు కవాటముపై మాపకమును అదుముదురు. ఆ క్షణమున బుస్సుమని కొంత గాలి పోవును. అది అర లీటరు అనుకొందము. కారు టైరు పట్టు గాలి సుమారు 30 లీటర్లు గనుక దానివలన టైరు పీడనము పావు పౌను మాత్రమే తగ్గును. మూడు లీటర్లు పట్టు చిన్న గాలిసంచిలో అదే నష్టము దాదాపు రెండున్నర పౌనులు. అనగా దినమునకు నాలుగుసార్లు ఆత్రముతో పీడనము చూచువాడు దినమునకు పది పౌనులు తానే వదలివేయుచున్నాడు! కొలుచుట అను పని కొలువబడు వస్తువును మార్చునని ఇది చక్కగ తెలుపుచున్నది. చేతిమాపకమే ఉన్నవారు సాయంకాలమున ఒకసారి, ఉదయమున ఒకసారి చూచి ఊరకుండుట మేలు. ప్రతి చక్రమునకు నడిమి బొడ్డునుండి పైనున్న మడ్గార్డు అంచు వరకు ఎత్తును టేపుతో కొలిచి వ్రాసికొన్నచో ఇంకను మంచిది. టేపువలన గాలి పోదు.

సందేహములను సగము చేయుట

ఎడమవైపు దోషమున్నదని తెలిసినది. కాని ఎడమవైపున గాలి పోవుటకు వీలైన చోట్లు ఎన్నియో కలవు. కంప్రెసరు చెంత కవాటము, మాపకము వెనుక అతుకు, గొట్టము చీలుచోట నున్న మూడుమార్గముల ఫిట్టింగు, దాని రెండు ప్రక్కల గొట్టపు కొనలు, చట్రము వెంబడి సాగు గొట్టము, సంచిపై మరలతో బిగించిన ఫిట్టింగు, సంచియే: మొత్తము ఎనిమిది అనుకొందము. తొందరపడువాడు సంచి చెడినదని నిశ్చయించి ముందుగ దానినే మార్చును. అన్నిటికంటె ఖరీదైనది అదే. అన్నిటికంటె అరుదుగ చెడునదియు అదే.

తెలిసినవాడు మార్గమును నడుమ విడదీయును. గొట్టమును మధ్యలో ఊడదీసి, సంచివైపు కొనకు ఒక కవాటము బిగించి, పంపుతో గాలి నింపి ఒక రాత్రి ఉంచును. ఉదయమునకు పీడనము నిలిచియున్నచో సంచి, దాని ఫిట్టింగు, ఆ గొట్టపు ముక్క నిర్దోషులు. దోషము కంప్రెసరు వైపున నాలుగింటిలో ఉన్నది. నిలువనిచో ఇటువైపు నాలుగింటిలో ఉన్నది. ఒక్క పరీక్షతో ఎనిమిది సందేహములు నాలుగైనవి. రెండవ పరీక్షతో రెండగును. మూడవదానితో ఒక్కటియే మిగులును. ఒక్కొక్కదానినే చూచుకొనుచు పోయినచో ఏడు పరీక్షలు కావలసి రావచ్చును. పదునారు చోట్లున్నను సగము చేయు పద్ధతిలో నాలుగు పరీక్షలే చాలును. విద్యార్థులు 2, 4, 8, 16 అను వరుసను ఇచ్చట గుర్తింపగలరు.

ఈ పద్ధతికి ఒక హద్దు కలదు. దోషము ఒక్కటియే ఉన్నదని అది అనుకొనును. ఇంటివద్ద తొలిసారి చేసిన అమరికలో ఒకే పొరపాటు రెండు మూడు చోట్ల జరిగియుండవచ్చును. గొట్టమును ఒకచోట వంకరగ కోసినవాడు అన్నిచోట్లను అట్లే కోసియుండును. కావున ఒక దోషమును బాగుచేసిన తరువాత మొత్తము అమరికను మరల ఒక రాత్రి పరీక్షింపవలెను.

గొట్టములను ఊడదీయుటకు ముందు చేయదగిన సులభమైన పరీక్ష మరియొకటి కలదు. అది సబ్బునీరు.

సబ్బునీరు చెప్పు సాక్ష్యము

ట్రక్కును నీటిలోనికి తీసికొనిపోలేకపోయినను నీటిని ట్రక్కువద్దకు తీసికొనిపోవచ్చును. ఉట్టి నీరు పనికిరాదు. దాని తలతన్యత హెచ్చు గనుక బుడగ ఏర్పడగనే పగులును, నీరు జారిపోవును. సబ్బు కలిపినచో తలతన్యత తగ్గి, పలుచని పొర చిట్లక సాగును. గాలి ఆ పొరను ఊదును. బుడగ కొంతసేపు నిలిచి కంటికి కనిపించును. వంటయింటి గ్యాసు సిలిండరు మూతివద్ద సబ్బునురుగు పూసి చూచుటలో నున్న కిటుకు ఇదియే. కుంకుడురసపు నురుగుతోను ఇట్టి పరీక్ష చేయవచ్చును. అగ్గిపుల్లతో వెదకుట మాత్రము ఎక్కడను కూడదు.

అయితే పలువురు సబ్బునీరు చల్లి, క్షణకాలము చూచి, బుడగలు లేవని లేచిపోవుదురు. ఎంతసేపు చూడవలెనో లెక్కయే చెప్పును. పై ఉదాహరణములో ఎడమ సంచి పదిగంటలలో 10 పౌనులు కోల్పోయినది. సంచి పట్టు గాలి మూడు లీటర్లనియు, దాని పరిమాణము మారలేదనియు అనుకొన్నచో, బయటికి పోయిన గాలి వాతావరణపీడనమున 3 లీటర్లను 10తో హెచ్చించి 14.7తో భాగించగా వచ్చును. అనగా సుమారు రెండు లీటర్లు. పీడనము తగ్గినకొలది సంచి కొంత క్రుంగును గనుక ఇది స్థూలమైన లెక్క. పదిగంటలకు రెండు లీటర్లనగా నిమిషమునకు సుమారు 3.4 ఘన సెంటీమీటర్లు. మూడు మిల్లీమీటర్ల వ్యాసముగల చిన్న బుడగ పరిమాణము సుమారు 0.014 ఘన సెంటీమీటర్లు. కావున నిమిషమునకు 240 బుడగలు, క్షణమునకు నాలుగు! ఇట్టి దోషము సబ్బునీటికి దొరకక తప్పదు. చెవికి మాత్రము ఏమియు వినిపింపకపోవచ్చును. బుస్సుమను చప్పుడు పెద్ద కంతలకే కలుగును.

అదే 10 పౌనులు ఒక వారములో పోవుచున్నచో లెక్క మారును. అప్పుడు నిమిషమునకు 14 బుడగలు మాత్రమే. నాలుగు క్షణములకు ఒకటి. చల్లి వెంటనే లేచిపోవువానికి ఇది దొరకదు. ప్రతి అతుకును కుంచెతో తడిపి, దీపము వెలుతురులో కనీసము ఒక నిమిషము కనిపెట్టి చూడవలెను. మిక్కిలి సన్నని కంతవద్ద వేరువేరు బుడగలు కాక, తెల్లని సన్ననురుగు గుంపుగ పెరుగుచుండును. చల్లునప్పుడే పుట్టిన నురుగును దీనిగ భ్రమింపరాదు. ముందు పుట్టిన నురుగు క్రమముగ తగ్గును. కంతవద్ది నురుగు పెరుగును. పెరుగుటయే సాక్ష్యము.

పరీక్షించునప్పుడు పీడనము హెచ్చుగ, అనగా తయారీదారు చెప్పిన మేరలో 80 పౌనుల వరకు ఉంచిన మంచిది; గాలి వేగముగ పోవును గనుక త్వరగ దొరకును. ఒక్కొక్కప్పుడు దీనికి వ్యతిరేకముగ కూడ జరుగును. కొన్ని ఫిట్టింగులలోని రబ్బరు వలయమును లోపలి పీడనమే అదిమి బిగించును. అవి 80 పౌనులవద్ద గాలి పోనీయక, 10 పౌనులవద్ద కారుచుండును. కావున హెచ్చుపీడనమున దొరకని దోషమును తక్కువ పీడనమునను వెదకవలెను.

గొట్టపు కొన, మర, రబ్బరు

సామాన్యముగ దోషము దొరకు చోట్లు మూడు. మొదటిది గొట్టపు కొన. ఈనాటి ఫిట్టింగులు చాలవరకు గొట్టమును లోనికి నెట్టినంతనే పట్టుకొనునవి. లోపల రెండు భాగములుండును. ఉక్కు పండ్లు గొట్టము వెనుకకు రాకుండ పట్టును. వాని వెనుకనున్న రబ్బరు వలయము గొట్టము చుట్టును ఒరసికొని గాలిని ఆపును. గొట్టమును కత్తెరతోనో పటకారుతోనో కోసినచో అది నలిగి కోడిగ్రుడ్డువలె సాగును. గుండ్రని వలయము గుండ్రముకాని గొట్టమును చుట్టును సమముగ తాకజాలదు. చంద్రవంకవంటి సందు మిగులును. ఏటవాలుగ కోసినచో ఒకప్రక్క కొన వలయము వరకు చేరదు. వాడియైన అలుగుతో లంబముగ కోయవలెను. కొన ఆనువరకు నెట్టవలెను. తరువాత మెల్లగ లాగి పట్టు చూడవలెను. ఫిట్టింగు దాటిన వెంటనే గొట్టమును ఒక ప్రక్కకు వంచినచో అది వలయమును ఒకవైపు నొక్కి, రెండవవైపు వదులు చేయును. అందుచేత కొన్ని అంగుళములు నిటారుగ పోనిచ్చి పిమ్మట వంచవలెను.

ఇచ్చట బుడగలు వచ్చినచో క్రొత్త ఫిట్టింగు కొననక్కరలేదు. మొదట సంచిలోని గాలినంతను వదలి, ఫిట్టింగు కంఠమును లోనికి నొక్కి, గొట్టమును లాగివేయవలెను. పండ్లు పడి గీతలైన కొనను పావు అంగుళమో అర అంగుళమో తీసివేసి, తుడిచి, మరల నెట్టవలెను. నిలువు గీత ఒక్కటి ఉన్నను గాలికి అది కాలువయే. అందులో ఇసుకరేణువు ఒకటి వలయముపై నిలిచినను పని చెడును.

రెండవది మరలుగల అతుకు. గాలిగొట్టముల మరలు సామాన్యమైన బోల్టు మరలవలె సమమైన వ్యాసముతో నుండవు. అవి కొనవైపునకు సన్నగిలును. అమెరికా ప్రమాణమున పదునారు అంగుళముల పొడవునకు ఒక అంగుళము చొప్పున వ్యాసము తగ్గును. బిగించినకొలది మేకువలె దిగి పట్టును. అయినను రెండు మరల అంచుల నడుమ మెట్లదారివలె చుట్టలుగ పోవు సన్నని సందు మిగులును. దానిని పూడ్చుటకే తెల్లని టెఫ్లాను పట్టీని చుట్టుదురు. 1938లో రాయ్ ప్లంకెట్ కనుగొన్న ఈ పదార్థము మిక్కిలి నునుపైనది. అందుచేత మర మరికొంత లోనికి దిగుటకును అది తోడ్పడును. బిగించు దిక్కుననే రెండు మూడు చుట్లు చుట్టవలెను. ఎదురుదిక్కున చుట్టినచో బిగించునప్పుడు పట్టీ విప్పుకొనును. కొనయందలి మొదటి మరను వదలివేయవలెను. లేనిచో పట్టీ పీలికలు తెగి కవాటములలో చిక్కుకొనును. ముందే పూతపూసి వచ్చిన మరలకు పట్టీ అక్కరలేదు. నెట్టి బిగించు గొట్టపు కొనకు పట్టీ చుట్టుట ఉపకారమునకు మారు అపకారము చేయును. కారుచున్నదని అతిగ బిగించినచో ప్లాస్టిక్ ముక్క చిట్లి, చిన్న దోషము పెద్దదగును.

మూడవది గొట్టము లేక సంచి దెబ్బతినుట. చట్రపు అంచుపై ఒరసికొను గొట్టము ప్రతి కుదుపునకు కొంచెము కొంచెముగ అరుగును. ఇంజను పొగగొట్టము ప్రక్కగ పోవునది వేడికి మెత్తబడును. సామాన్యముగ ఆరు అంగుళములకు తగ్గని దూరము పాటింపవలెను. సంచికి బ్రేకు గొట్టముగాని బోల్టు తలగాని తగులుచున్నదేమో బరువున్నప్పుడును, లేనప్పుడును చూడవలెను. ఉబ్బినప్పుడు తగలనిది క్రుంగినప్పుడు తగులవచ్చును. సంచికే కంత పడినచో దానిని మార్చవలసినదే. టైరు పంక్చరునకు వాడు జిగురుద్రవమును దీనిలో పోయరాదు; సన్నని గొట్టములును కవాటములును పూడిపోవును.

బుడగలు రానిచోట కూడ దోషముండవచ్చును. కంప్రెసరు అమరికలో గాలి వెనుకకు పోకుండ ఏకమార్గ కవాటములుండును. దానిలో దుమ్ము చేరినచో గాలి బయటికి గాక లోలోపలనే, ఎడమ సంచినుండి కుడి సంచిలోనికో, తిరిగి తొట్టిలోనికో పోవును. ఒకదానిలో తగ్గినది మరియొకదానిలో హెచ్చినదా అని చూచినచో ఈ గుట్టు బయటపడును. పోయిన గాలికి ఎక్కడనో లెక్క ఉండితీరవలెను.

పరీక్షించువాని రక్ష

లోపలి గాలి 770 కిలోల బరువును ఎత్తుచున్నదను మాట మరువరాదు. ఏ అతుకును విప్పుటకైనను ముందు గాలిని పూర్తిగ వదలవలెను; లేనిచో గొట్టపు కొన కొరడావలె వచ్చి కంటికి తగులును. గాలిసంచులు నిలిపియున్న వాహనము క్రింద దూరరాదు; అవి దిగినచో చట్రము మనిషిపై దిగును. సమతలముపై నిలిపి, చక్రములకు అడ్డులు పెట్టి, చట్రమును దృఢమైన లోహపు స్టాండులపై ఆనించిన తరువాతనే క్రిందికి పోవలెను. జాకీ ఎత్తుటకే గాని నిలుపుటకు కాదు. ఊడదీసిన సంచిని పైనను క్రిందను బంధము లేక గట్టిగ ఉబ్బించుట కూడ ప్రమాదకరము.

1950ల దశకపు పాఠము

గాలిపై వాహనమును నిలుపవలెనను కోరిక క్రొత్తది కాదు. 1950ల దశకమున అమెరికాలో అది బస్సులలో ప్రవేశించి స్థిరపడినది. 1957లో కాడిలాక్ ఎల్డొరాడో బ్రూమ్ అను మిక్కిలి ఖరీదైన కారునకు నాలుగు చక్రములవద్దను గాలిస్ప్రింగులే అమర్చిరి. ప్రయాణము మెత్తగ ఉండెను. కాని గాలి నిలువలేదు. పలువురు యజమానులు వానిని తీసివేసి ఉక్కుచుట్టల స్ప్రింగులు పెట్టించుకొనిరి. భావములో లోపము లేదు; లోపము అతుకులలో, కవాటములలో ఉండెను. తరువాతి దశాబ్దములలో మేలైన రబ్బరు, నైలాను గొట్టములు, నమ్మదగిన కవాటములు వచ్చిన పిమ్మట పెద్ద లారీలును, మన దేశమున దూరప్రయాణము చేయు మేలైన బస్సులును గాలిపైననే నడచుచున్నవి. గాలిని ఒత్తినచో ఎంత బలము కలుగునో 1662లోనే రాబర్టు బాయిల్ సూత్రముచేత తెలిసినది. ఆ గాలిని ఒక చోట నిలుపుట నేర్చుకొనుటకు మరి మూడువందల ఏండ్లు పట్టినది.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చూపుటకు ట్రక్కు అక్కరలేదు. రెండు సైకిలు ట్యూబులు, ఒక పంపు, ఒక మాపకము, సబ్బునీరు చాలును. ఒక ట్యూబు కవాటమును కొంచెము వదులుగ బిగించి, రెండవదానిని సరిగ బిగించి, రెండింటిలోను సమానముగ గాలి నింపి, సాయంకాలము ఒకసారి, మరునాటి ఉదయము ఒకసారి పీడనమును ఉష్ణోగ్రతను వ్రాయింపవలెను. చలివలన తగ్గినదెంత, మాపకము వదలినదెంత, కారినదెంత అని విద్యార్థులచే మూడు ఖాతాలుగ విడదీయింపవలెను. పిమ్మట సబ్బునీరు పూసి, వారు ముందుగ లెక్కగట్టిన వేగముతోనే బుడగలు వచ్చుచున్నవా అని గడియారము పట్టుకొని లెక్కింపనీయవలెను. లెక్క ఇంచుమించుగ సరిపోయినప్పుడు వారి ముఖములలో కనిపించు సంతోషము ఎట్టి పాఠ్యపుస్తకమును ఇయ్యజాలదు.